నీటితీరువా: ప్రశ్న ఎవరిది?

నీటిని గురించి మన సాహిత్యంలో రాసింది తక్కువ కాదు. వాన కోసం ఎదురుచూపు, ఎండిన చెరువు, వలసపోయే కుటుంబం, సంతకు తోలుకుపోయే ఎద్దులు - రాయలసీమ కథకు ఇవి పరిచితమైన దృశ్యాలు. కాని నీటి వెలను గురించి మనం రాసింది చాలా తక్కువ. ఆ వెలను ఎవరు నిర్ణయించారు, ఎవరిని అడిగి నిర్ణయించారు, నిర్ణయించినవారిని తిరిగి ప్రశ్నించే అధికారం ఎవరికి ఉండింది అనేవి చరిత్ర విద్యార్థుల గొడవ అని సాహిత్యకారులు వదిలేశారు. ఈ లోటు యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. దాని మూలం ఎక్కడుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేను చరిత్రకారుణ్ణి కాను. తెలుగు ఎం.ఏ. చదివి కనగానపల్లిలో పిల్లలకు వ్యాకరణం చెప్పుకుంటున్న బడిపంతులును. ఈ విషయం నా దగ్గరికి వ్యాకరణం దారినే వచ్చింది. ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుషలు చెబుతూ, ఇంట్లో ఉన్న పాత కాగితం ఏదైనా తెచ్చి అందులో 'నేను', 'నీవు', 'అతడు' ఎక్కడున్నాయో వెతకమన్నాను. ఒక అమ్మాయి వాళ్ల జేజినాయన పెట్టెలోంచి చెరువు కింది మడికి కట్టిన పన్ను రసీదు తెచ్చింది. ఫస్లీ ఉంది, సర్వే నంబరు ఉంది, మొత్తం ఉంది, కరణం సంతకం ఉంది. కట్టినవాడి పేరు ఉంది గాని అది 'ఫలానా వాడు' అనే తీరులో ఉంది. "సార్, దీంట్లో 'నేను' యాడుంది?" అని అడిగింది. లేదన్నాను. "మరి ఈ లెక్క ఎవరు కట్టినారు సార్?" అంది. ప్రభుత్వం అన్నాను. ఆ జవాబు ఆమెకూ చాలలేదు, నాకూ చాలలేదు. ఆ ప్రశ్న వెంట పోతే నూటయాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఎదురైంది. దానికి తొలి అధ్యాయం మన సీమలోనే ఉంది.

కర్నూలు-కడప కాలువను చూడనివారు కూడా కె.సి. కెనాల్ అనే పేరు విని ఉంటారు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై, కర్నూలు ఊళ్లో హంద్రిని అక్విడక్టు మీదుగా దాటి, నంద్యాల ప్రాంతం గుండా కడప దాకా సుమారు 190 మైళ్లు సాగే కాలువ అది. డచ్చి కంపెనీ తవ్వించిందని కొన్ని పుస్తకాల్లో కనిపిస్తుంది. అది పొరపాటు. తవ్వించింది 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. లండన్ పెట్టుబడిదారుల వాటాలతో పుట్టిన ప్రైవేటు కంపెనీ అది. నీటిని సరుకుగా చేసి, కాలువలో పారించి, ఎకరా లెక్కన అమ్మి లాభం తీయడం దాని వ్యాపారం. నీటి ప్రైవేటీకరణ అనే మాటను 1990ల తర్వాత పుట్టిన కొత్త వింతగా భావించేవారు ఈ సంగతిని గమనించాలి.

ఈ కంపెనీ వెనుక ఆర్థర్ కాటన్ ఆలోచన ఉంది. గోదావరి ఆనకట్ట విజయం ఉంది. ఇంకో ముఖ్యమైన కోరిక కూడా ఉంది. లాంకషైర్ మిల్లులకు ముడిపత్తి కావాలి. భారతదేశంలో పత్తి సాగును గురించి విచారించడానికి 1848లోనే జాన్ బ్రైట్ అధ్యక్షతన బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ కూర్చుంది. మన నల్లరేగడిని గురించి లండన్‌లో చర్చ జరగడానికి మన ఆకలి కన్నా వారి మగ్గాలు ముందు కారణమయ్యాయి.

కంపెనీకి ప్రభుత్వం ఇచ్చిన హామీ ఈ కథకంతా కీలకం. పది లక్షల పౌన్ల మూలధనం మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం పూచీపడింది. అంటే నీరు అమ్ముడుపోయినా పోకపోయినా, కాలువ పూర్తయినా కాకపోయినా, వాటాదారులకు ఏడాదికి 50 వేల పౌన్లు ముట్టవలసిందే. ఆనాటి రైల్వే కంపెనీలకు ఇచ్చిన పూచీ కూడా ఇదే తరహాది. ఆ వడ్డీ వచ్చేది భారతదేశపు రెవెన్యూ నుంచి. ఆ రెవెన్యూలో పెద్దభాగం భూమిశిస్తు. కనగానపల్లి అప్పుడు బళ్లారి జిల్లాలోది. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడిన తర్వాతే మనం విడిపోయాం. కంపెనీ తొలి పథకంలో బళ్లారి వైపు కాలువల మాట కూడా ఉండింది. అది కాగితం దాటలేదు. కాని మెట్టచేను శిస్తు కట్టిన మన రైతు, తను ఎన్నడూ చూడని కాలువ వాటాదారులకు వడ్డీ కట్టినవారిలో ఒకడయ్యాడు. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

పని మొదలయ్యాక కంపెనీ అంచనాలు తారుమారయ్యాయి. 1866 నాటికి పది లక్షల పౌన్లు అయిపోయాయి, కాలువ మాత్రం పూర్తికాలేదు. ప్రభుత్వమే ఇంకో 6 లక్షల పౌన్లు అప్పిచ్చింది. 1871 నాటికి కాలువ తయారైంది. నీరు వచ్చింది. రైతు రాలేదు.

రైతు ఎందుకు రాలేదు? ఆనాటి అధికారుల రాతల్లో దీనికి తేలికైన జవాబు దొరుకుతుంది: రైతు పాతకాలపు మనిషి, బద్ధకస్తుడు, తన మేలు తనకు తెలియదు. ఈ జవాబును మన చదువుకున్నవారు కూడా చాలాకాలం నమ్మారు. రైతు లెక్క వేరే ఉంది. నల్లరేగడిలో తేమ నిలుస్తుంది. సామాన్యమైన వానకు జొన్న పండుతుంది, మనిషికి గింజ, పశువుకు చొప్ప దొరుకుతాయి. అదే నేలను మడిగా మార్చాలంటే చదును చేయాలి, గట్లు వేయాలి, ఎరువు తోలాలి, ఎద్దులు బలమైనవి కావాలి. ఇన్నిటికీ అప్పు కావాలి, అప్పు అంటే షావుకారు. పైగా నీటి రేటు నిక్కచ్చి, పంట మాత్రం అనుమానం. మంచి వాన కురిసిన ఏడు కాలువ నీటికి డబ్బు కట్టడం అతనికి దండుగ. చెడ్డ ఏడు మాత్రం ఆ నీరు ప్రాణం.

ఇక్కడే అసలు వైరుధ్యం ఉంది. కాలువకు ఏటా కొనేవాడు కావాలి, ఎందుకంటే దాని ఖర్చు ఏటా ఒకటే. రైతుకు నీరు కావలసింది కరువు ఏట. ఈ రెండు అవసరాలనూ కలిపే రేటు ఏదో కూర్చుని ఆలోచించవలసింది కంపెనీ, రైతు కలిసి. అలాంటి కూర్పు ఏదీ లేదు. కూర్చోవలసిన తొందర కంపెనీకీ లేదు, ఎందుకంటే వడ్డీ ఎటూ వస్తుంది. పూచీ ఉన్న పెట్టుబడికి కొనేవాడి మాట వినవలసిన పనిలేదు. 1876-78 మహాకరువులో కాలువ కింద సాగు పెరిగింది. వానలు తిరిగి రాగానే మళ్లీ తగ్గింది. తన నీటి అవసరాన్ని రైతు ఇంతకన్నా స్పష్టంగా చెప్పగలడా? అతనికి ఓటు లేదు, సభ లేదు. తూము దగ్గరికి పోకపోవడమే అతను వేసిన ఓటు.

ఆ కరువు తర్వాత బ్రిటిష్ పార్లమెంటు విచారణకు దిగింది. 1878లో లార్డ్ జార్జ్ హామిల్టన్ అధ్యక్షతన భారతదేశపు పబ్లిక్ వర్క్స్ మీద సెలెక్ట్ కమిటీ కూర్చుంది. డెబ్బై అయిదేళ్ల కాటన్ సాక్ష్యమిచ్చాడు. రైళ్ల మీద పోసిన డబ్బు కాలువల మీద పోసి ఉంటే కరువు ఇంత ఘోరంగా ఉండేది కాదని వాదించాడు. కర్నూలు కాలువ వైఫల్యాన్ని ఆయన ప్రత్యర్థులు ఆయన ముందు పెట్టారు. రమేశ్ చంద్ర దత్ 20వ శతాబ్ది తొలి ఏళ్లలో ప్రచురించిన ఆర్థిక చరిత్రలో ఈ ఘట్టాన్ని వివరంగా చర్చించాడు. కాటన్ పక్షాన మాట్లాడిన తొలి భారతీయ చరిత్రకారులలో ఆయన ముఖ్యుడు.

ఒక చట్టసభ ఒక నీటి కంపెనీని బోనులో నిలబెట్టి అడగడం చిన్న విషయం కాదు. వలస పాలనను తిట్టే ఉత్సాహంలో ఆ మాటను దాచవలసిన పనిలేదు. ఖర్చెంత, రాబడెంత, అంచనా ఎందుకు తప్పింది అని అక్కడ నిలదీశారు. కాని ఎవరి తరఫున నిలదీశారు? ప్రశ్న అడిగేవాడు 'నేను', జవాబు చెప్పేవాడు 'మీరు'. ఇంజనీరుకు, అధికారికి ఆ గదిలో స్థానం ఉంది. కర్నూలు రైతు ఆ గదిలో 'అతడు' మాత్రమే: అతడు నీరు తీసుకుంటాడా, అతడు ఎంత కట్టగలడు, అతడి అలవాట్లేమిటి? అతను ఎప్పుడూ ప్రథమ పురుషే. నా విద్యార్థిని రసీదులో వెతికిన 'నేను' అక్కడా లేదు. ఆ కమిటీ ముందున్న ప్రశ్న ఖజానా క్షేమం. నీటి రేటు న్యాయమైనదా అన్నది దాని ముందుకు ప్రశ్నగా రాలేదు.

1882లో ప్రభుత్వం కంపెనీ నుంచి కాలువను కొనేసింది. ఒరిస్సాలో ఇలాంటి కంపెనీనే 1860ల చివర్లో కొనవలసి వచ్చింది. రెండుచోట్లా లాభం ప్రైవేటుది, నష్టం ప్రజలది అయింది. ఈ సూత్రాన్ని ఆ తర్వాత మనం ఎన్నిసార్లు చూశామో పాఠకులకు చెప్పనవసరం లేదు.

కంపెనీ పోయి సర్కారు వచ్చింది కదా, ఇక రేటుకు జవాబుదారీ వచ్చిందా? దీనికి జవాబు 1865 నాటి మద్రాసు ఇరిగేషన్ సెస్ చట్టంలో ఉంది. ప్రభుత్వ జలాధారం నుంచి నీరు వాడుకున్న భూమి మీద ప్రభుత్వం తన ఇష్టానుసారం సెస్సు వేయవచ్చునని ఆ చట్టం చెప్పింది. ఇష్టానుసారం అన్న అర్థమిచ్చే మాట చట్టంలోనే ఉంది; నేను అలంకారంగా చేర్చింది కాదు. రేటుకు పరిమితి లేదు, సభ ముందు పెట్టాలన్న నియమం లేదు. ఆ చట్టం చేసిన మండలిలో ఎన్నికైన సభ్యుడు ఒక్కడూ లేడు. 1861 చట్టం కింద అందరూ నియమితులే. ప్రశ్న అడిగే హక్కు సభ్యులకు 1892లో గాని రాలేదు.

ఈ ఇష్టానికి గట్టి దెబ్బ కొట్టినవాడు రైతు కాదు, జమీందారు. ఇప్పటి శ్రీకాకుళం ప్రాంతంలోని ఉర్లాం జమీందారు తన పాత కాలువల నీటికి సెస్సు కట్టనని కోర్టుకెక్కి, 1917లో ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి గెలిచాడు. పాత హక్కు పత్రాలున్నవాడికి, లండన్ దాకా వకీళ్లను పెట్టగలిగినవాడికి న్యాయం దొరికింది. రైత్వారీ రైతుకు ఆ పత్రాలూ లేవు, ఆ డబ్బూ లేదు.

1919 సంస్కరణలతో ఎన్నికైన సభ్యులు మద్రాసు మండలిలోకి వచ్చారు. అయితే నీటిపారుదల, భూమిశిస్తు రెండూ 'రిజర్వుడు' అంశాలు. అంటే గవర్నరు సలహాదారుల చేతిలోవి. సభ మాట్లాడవచ్చు, శాసించలేదు. శిస్తు నిర్ణయాన్ని చట్టం పరిధిలోకి తేవాలని ఆ సంస్కరణల మీద కూర్చున్న పార్లమెంటు జాయింట్ కమిటీయే సిఫారసు చేసింది. మద్రాసులో అలాంటి చట్టం వలస కాలమంతా రానే లేదు. 1920ల చివర కృష్ణా, గోదావరి డెల్టాలలో రీసెటిల్మెంటు పేరుతో రూపాయికి మూడణాలు, అంటే నూటికి 18.75 వంతున, శిస్తు పెంచబూనినప్పుడు ఆ జిల్లాల రైతులు సభలు జరిపి ఎదిరించారు. కాటన్‌ను దేవుడిగా తలచుకునే ఆ డెల్టాలోనే ఆయన తెచ్చిన నీటి రేటు మీద ఉద్యమం లేచింది. కాటన్ విగ్రహం గురించి మనకు పాటలున్నాయి. ఆ మూడణాల గురించి ఎన్ని ఉన్నాయి?

స్వాతంత్ర్యం వచ్చింది, మన రాష్ట్రం వచ్చింది, మన సభ వచ్చింది. ఇక్కడ మన జిల్లావాళ్లం కొంచెం ఆగి ఆలోచించాలి. 1962లో అదనపు శిస్తు, సెస్సుల సవరణ చట్టం చేసిన ప్రభుత్వానికి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి, అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి. ఆ చట్టానికి సభలోనూ బయటా గట్టి వ్యతిరేకత వచ్చింది. దానిని చివరికి కొట్టేసింది మాత్రం కోర్టు. హైకోర్టు తీర్పు మీద ప్రభుత్వం అప్పీలు చేస్తే 1967లో సుప్రీంకోర్టు చట్టం చెల్లదన్నది. కారణాలు గమనార్హమైనవి. తరి భూమికి రేటును ఆ నీటివనరు కింద ఉన్న ఆయకట్టు విస్తీర్ణాన్ని బట్టి పెట్టారు. ఆయకట్టు పెద్దదైతే భూమి సారవంతమైనదని ఎక్కడుంది? రైతుకు నోటీసు ఇవ్వాలని, అతని మాట వినాలని చట్టంలో ఎక్కడా లేదు. అసమానులను సమానంగా చూడటం కూడా అన్యాయమేనని కోర్టు భావించింది.

నోటీసు అంటే ఏమిటి? మీ మీద ఇంత వేయబోతున్నాం, మీరేమంటారు అని అడగడం. అంటే రైతు ప్రథమ పురుష నుంచి మధ్యమ పురుషకు రావడం. దానికి 1858 నుంచి లెక్కిస్తే 109 ఏళ్లు పట్టింది. ఆ పని చేసింది మనం ఓటేసి పంపిన సభ కాకపోవడం మనం సిగ్గుపడవలసిన విషయం.

తర్వాత 1988లో నీటిపన్ను చట్టం వచ్చింది. 1996లో రేట్లు పెరిగి, పెద్ద వనరుల కింద మొదటి వరిపంటకు ఎకరా 200 రూపాయలయింది. 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చి పదివేలకు పైగా సంఘాలు ఏర్పడ్డాయి. కాలువ నిర్వహణలో రైతుకు కొంత మాట దొరికింది. ఇది ముందడుగేనని ఒప్పుకోవాలి. కాని పన్ను రేటు సంఘం చేతిలో లేదు. సంఘంలో ఓటు భూమి ఉన్నవాడిది. ఆ నీటిలో నాట్లు వేసే కూలి మనిషికి, ఆ చెరువులో బట్టలుతికే చాకలికి ఓటు లేదు.

కనగానపల్లికి ఈ కాలువల లెక్క నేరుగా వర్తించదు అని ఎవరైనా అనవచ్చు. నిజమే. మా చుట్టుపక్కల చెరువు నిండటం వార్త; సేద్యం బోరు మీద. బోరు మీద బతికే ఊరికి కరెంటు రేటే నీటి రేటు. 1998 విద్యుత్ సంస్కరణల చట్టంతో ఆ రేటు నిర్ణయం 1999లో ఏర్పడిన నియంత్రణ కమిషన్‌కు పోయింది. కమిషన్ బహిరంగ విచారణలు పెట్టింది, వాదనలు విన్నది. పద్ధతి దృష్ట్యా అది 1865 కన్నా ఎంతో మెరుగు. కాని 2000లో రేట్లు పెరిగినప్పుడు జనం కమిషన్ గదికి పోలేదు, అసెంబ్లీకి నడిచారు. ఆగస్టు 28న బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్చారు. ప్రాణాలు పోయాయి. వాళ్లు అసెంబ్లీ దారి ఎందుకు పట్టారు? రేటు ఎక్కడ తేలినా జవాబు చెప్పవలసినవాడు తాము ఓటేసిన మనిషేనని వాళ్లకు తెలుసు. ఆ తెలివిడి 1871లో తూము దగ్గరికి పోని రైతు తెలివిడికి వారసురాలు.

పూర్వం ఇదంతా బాగుండేదని చెప్పడానికి నేను ఈ చరిత్ర ఎత్తలేదు. మన సీమ చెరువులకు దశబంధం ఇనాములుండేవి. చెరువు బాగుచేసేవాడికి దాని కింద మాన్యం. బాగుచేయకపోతే అడిగేవాళ్లు ఊళ్లోనే ఉండేవారు. ఆ మేరకు అది గుర్తుంచుకోదగిన పద్ధతి. కాని ఆ కట్ట మీద మట్టి మోసినవాడికి, ఊరి మంచినీటి బావి దగ్గర దూరంగా నిలబడ్డవాడికి అందులో 'నేను' అనే చోటు లేదు. వాళ్లకు నీటి వెల డబ్బులో కాక అవమానంలో పడింది. దాన్ని మరిచి రాసే నీటి చరిత్ర సగం చరిత్ర.

ఇక మొదటి మాటకు వస్తాను. నీటి వెలను గురించి మనం ఎందుకు రాయలేదు? మన కరువు కథల్లో ఎక్కువగా ఆకాశమే ప్రతినాయకుడు. ఆకాశాన్ని ఎవరూ ఎన్నుకోరు, ఎవరూ దించలేరు. అందుకే ఆ కథ చదివి కన్నీరు పెట్టడం సులభం. రేటుకు రచయిత ఉంటాడు, తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది. దాన్ని గురించి రాయాలంటే గెజిట్లు, సభ చర్చల సంపుటాలు, తీర్పులు చదవాలి. వాటి భాష మనకు రుచించదు. కాని ఆ రుచించని భాషలోనే మన పాత్రల బతుకులు నిర్ణయమయ్యాయి. ఆ కాగితాలను పాఠాలుగా చదవడం సాహిత్య విద్యార్థికి రావాలి: వాక్యానికి కర్త ఎవరు, ఎవరిని కర్తలేని వాక్యంలో దాచారు, ఎవరికి 'మీరు' దక్కింది, ఎవరు 'అతడు'గా మిగిలారు? ఇది వ్యాకరణం తెలిసినవాళ్లు చేయగల పని.

ఆ అమ్మాయి మొన్న మళ్లీ అడిగింది. "సార్, మేం క్యాన్ల నీళ్లు కొంటాము కదా, దాని రేటు ఎవరు పెట్టినారు? దానికి రసీదు కూడా లేదే?" ఈసారి ప్రభుత్వం అని జవాబు చెప్పలేకపోయాను. లేఖారచన పాఠం వచ్చే వారం ఉంది. శాసనసభ్యునికి లేఖ రాయమని, మొదటి వాక్యం 'నేను' అని మొదలుపెట్టమని తరగతికి చెప్పాను.